గడ్డ ఒకచోట, మూలం ఇంకోచోట

2023లో బ్రిటన్ సైక్లింగ్ దిగ్గజం క్రిస్ హోయ్‌కి భుజం నొప్పి పట్టుకుంది. ఒలింపిక్స్‌లో 6 బంగారు పతకాలు గెలిచిన మనిషి, రిటైరయ్యాక కూడా జిమ్ మానలేదు. బరువులెత్తుతుంటే ఎక్కడో పట్టేసి ఉంటుందనుకున్నారు. ఎంతకీ తగ్గకపోవడంతో స్కాన్ తీయించుకుంటే భుజంలో కణితి కనిపించింది. తీరా చూస్తే అది అక్కడ పుట్టింది కాదు. మూత్రాశయం కింద, పెద్ద ఉసిరికాయంత ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టి తుంటికి, పక్కటెముకలకు, వెన్నెముకకు కూడా పాకింది. అప్పటికి ఆయన వయసు 47. జబ్బు సంగతి 2024 ఫిబ్రవరిలోనూ, అది నయమయ్యే దశ దాటిందన్న మాట అదే ఏడాది అక్టోబరులోనూ బయటపెట్టారు.

భుజమైనా వెన్నైనా ఎముకే కదా, క్యాన్సర్ డాక్టర్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. ప్రోస్టేట్ క్యాన్సర్ గ్రంథి దాటి దూరపు అవయవాలకు పాకితే ఎక్కువగా వెళ్లేది ఎముకల్లోకే. వాళ్లను కూడా ఒక క్షణం ఆపేవి వేరే చోట్లున్నాయి.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పాథాలజిస్టులు 1967 నుంచి 1995 దాకా జరిగిన పోస్టుమార్టమ్‌ల రికార్డులు తిరగేసి, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 1,589 మందిని విడదీసి చూశారు. వారిలో 35 శాతం మందికి జబ్బు రక్తం ద్వారా దూరపు అవయవాలకు చేరింది. అలా చేరినవారిలో 90 శాతం మందికి ఎముకల్లో ఉంది. అది ఊహించిందే. కానీ ఊపిరితిత్తుల్లో 46 శాతం మందికి, కాలేయంలో 25 శాతం మందికి, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లో 13 శాతం మందికి కనిపించింది. అరుదనుకున్న చోట్లలో కొన్ని నిజానికి అంత అరుదేమీ కావన్నమాట. మనిషి బతికుండగా అక్కడ వెతికినవాళ్లే తక్కువ.

ఇంతకీ ఎముకల మీదే ఎందుకంత మక్కువ? 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు చదివి, విత్తనం నలుదిక్కులా పడినా నేల అనువైన చోటే మొలుస్తుందని తేల్చారు. నేల సంగతి అలా తెలిసింది. దారి సంగతి తెలియడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1940లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ అనాటమీ ప్రొఫెసర్ ఆస్కార్ బాట్సన్ శవాల్లో పురుషాంగపు సిరలోకి ఎక్స్‌రేలో కనబడే ద్రవాన్ని ఎక్కించి, అదెటు పోతుందో చూశారు. అది పొత్తికడుపు సిరల్లోంచి వెన్నెముక చుట్టూ అల్లుకున్న సిరల్లోకి వెళ్లింది. ఈ సిరల్లో కవాటాలు లేవు. దగ్గినా ముక్కినా కడుపులో ఒత్తిడి పెరిగి రక్తం అటు మళ్లుతుంది. గుండెనీ ఊపిరితిత్తులనీ తాకకుండానే వెన్ను దాకా, ఆపైన పుర్రె దాకా వెళ్లే దారి అది. వెన్నెముకలో జబ్బు ఉన్నంత మాత్రాన ఊపిరితిత్తుల్లో ఉండనక్కర్లేదని బాసెల్ లెక్కలు కూడా చూపించాయి.

ఆ దారి తల దాకా ఉన్నా మెదడు లోపలికి మాత్రం ఈ జబ్బు చాలా అరుదుగా వెళుతుంది. అమెరికాలోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రివాళ్లు 16,280 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల రికార్డులు వెతికితే 103 మందిలోనే కనబడింది. మెదడు మీది గట్టి పొర, డ్యూరా, సంగతి వేరు. ఉదాహరణకు ఒక పెద్దాయనకి తలనొప్పి, కాస్త తికమక మాటలు. సీటీ తీస్తే పొర కింద రక్తం గడ్డకట్టినట్టు ఉంటుంది. ఎప్పుడో జారిపడి ఉంటారని ఇంట్లోవాళ్లూ నమ్ముతారు. రక్తం తీసేద్దామని సర్జన్ పుర్రె తెరిస్తే అక్కడుండేది రక్తం కాదు, కణితి. ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో ఒకటి కాదు, చాలానే ఉన్నాయి.

కింది పెదవి, గడ్డం ఒకవైపు తిమ్మిరెక్కినట్టు ఉండటం ఇంకొకటి. పన్ను సంగతేమో అనుకుని డెంటిస్టు దగ్గరికి వెళతారు. దవడ ఎముకలోంచి వెళ్లే నరాన్ని కణితి నొక్కుతున్నా అలాగే ఉంటుంది. చర్మం మీద నొప్పిలేని బొడిపెలుగా, కంటి గుంతలో వాపుగా, చివరికి పురుషాంగంలోనే గట్టి గడ్డగా కూడా ఈ జబ్బు బయటపడింది. వృషణాల్లో బయటపడే తీరు మరీ విచిత్రం. పురుష హార్మోను ఆపితే ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని 1941లో చార్లెస్ హగిన్స్ చూపించారు. అందుకు 1966లో నోబెల్ వచ్చింది. ఆ హార్మోనును ఆపే ఇంజెక్షన్ల ఖర్చు జీవితాంతం భరించలేక మన దేశంలో ఎంతోమంది, అది తయారయ్యే వృషణాలనే తీయించుకునే ఆపరేషన్‌కు ఒప్పుకుంటారు. హార్మోను ఆపడానికని తీసిన ఆ వృషణాలను ల్యాబ్‌కి పంపితే, ఎవరూ అనుకోకుండా వాటిలోనే క్యాన్సర్ కనబడిన సందర్భాలున్నాయి.

మనవాళ్లు ఎక్కువగా పొరపడేది మెడ దగ్గర. ఎడమ కాలరెముక పైన బిళ్ల కట్టిందంటే మన ఊళ్లలో ముందు గుర్తొచ్చేది టీబీ. అది తప్పు కూడా కాదు, టీబీ అంత ఎక్కువ. కానీ కడుపు, పొత్తికడుపు భాగాల నుంచి వచ్చే లింఫ్ ద్రవం రక్తంలో కలిసేది సరిగ్గా అక్కడే. కడుపులోని క్యాన్సర్లకూ ఆ బిళ్లకూ ఉన్న లంకెను 19వ శతాబ్దంలోనే జర్మన్ వైద్యుడు విర్కో చెప్పారు. సూది గుచ్చి చూడకుండానే టీబీ మందులు మొదలుపెడితే విలువైన నెలలు వాటితోనే గడిచిపోతాయి. అరవై దాటిన మగవాడికి అక్కడ బిళ్ల కడితే ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ప్రోటీన్‌ని కొలిచే పీఎస్‌ఏ రక్తపరీక్ష రాయడం డాక్టరుకు పెద్ద శ్రమేమీ కాదు. ఎప్పుడో పదేళ్ల కిందట ప్రోస్టేట్‌కి చికిత్స జరిగి ఉంటే ఆ పాత కాగితాలు ఏ డాక్టరుకైనా, పళ్ల డాక్టరుకైనా సరే, చూపించాల్సిందే. ఇంట్లో అందరికీ తెలిసినా, సంకోచం కొద్దీ ఆ మాట ఆసుపత్రిలో చెప్పకుండా ఉండిపోయే కుటుంబాలున్నాయి.

పీఎస్‌ఏ తక్కువగా ఉంటే నిశ్చింతేనా అంటే, కాదు. కొన్నేళ్లు హార్మోను చికిత్స తీసుకున్నాక కొందరిలో క్యాన్సర్ కణాలు స్వభావమే మార్చుకుంటాయి. న్యూరోఎండోక్రైన్ రకంగా మారి, హార్మోను అవసరం లేకుండా పెరుగుతాయి, పీఎస్‌ఏ తయారుచేయడం దాదాపు మానేస్తాయి. రక్తపరీక్ష బాగానే ఉంటుంది, స్కాన్‌లో మాత్రం కాలేయం నిండా మచ్చలు. అప్పుడు హార్మోను మందులు అంతగా పనిచేయవు, ప్లాటినం కలిసిన కీమో వాడతారు. అందుకే పాత రిపోర్టు ఎంత స్పష్టంగా ఉన్నా కొత్త చోటి నుంచి మళ్లీ ముక్క తీస్తారు. ల్యాబ్‌లో ఆ ముక్కకు ఎన్‌కేఎక్స్3.1 లాంటి ప్రోటీన్లను పట్టిచ్చే పరీక్ష చేస్తారు. కణాల కేంద్రకాలు గోధుమ రంగుకు తిరిగితే, ముక్క చర్మానిదైనా కాలేయానిదైనా, మూలం ప్రోస్టేటేనని పాథాలజిస్టు దాదాపు ధైర్యంగా రాయగలరు.

ఇప్పుడు వెతకడం కూడా మారింది. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే పీఎస్‌ఎంఏ అనే ప్రోటీన్‌కి అతుక్కునే రేడియోధార్మిక మందు ఎక్కించి, ఒళ్లంతా పెట్ స్కాన్ తీస్తారు. గాలియంతో చేసే ఈ పరీక్షకు అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది. అదే ప్రోటీన్‌ని గురిచూసి కణాలను చంపే లుటీషియం-177 చికిత్సకు 2022లో వచ్చింది. ఒకప్పుడు పోస్టుమార్టమ్‌లో తప్ప తెలియని చోట్లు ఇప్పుడు మనిషి బతికుండగానే తెరమీద వెలుగుతున్నాయి. అయితే వెలిగిందల్లా క్యాన్సర్ కాదు. పక్కటెముకల్లో ఏ జబ్బూ లేకున్నా చుక్కలు కనబడుతుంటాయి. మెదడు పొరలో పెరిగే మెనింజియోమా అనే గడ్డ, ఎక్కువ సందర్భాల్లో అంత ప్రమాదం లేనిదే, అది కూడా ఈ స్కాన్‌లో వెలుగుతుంది. డ్యూరా మీద ఒకే ఒక్క మచ్చ కనబడిన రోగికి ప్రోస్టేట్ క్యాన్సర్ తలకెక్కిందని చెప్పేముందు డాక్టర్లు ఎంఆర్ఐ తీయిస్తారు. అప్పటికీ తేలకపోతే ముక్క తీసి పాథాలజిస్టుకి పంపుతారు.