పనిచోట పొంచియున్న వ్యాధులు: గుర్తింపు, నివారణ

2025 ఫిబ్రవరి 22వ తేదీన నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట సమీపమున శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగములో పైకప్పు కూలినది. కృష్ణా జలములను నల్లగొండ మెట్టభూములకు తెచ్చుటకై త్రవ్వుచున్న సొరంగమది. లోపల 8 మంది చిక్కుకొనిరి. ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్‌ల నుండి పొట్టకూటికై ఇంతదూరము వచ్చినవారు వారు. వారిలో ఒక్కరును ప్రాణములతో బయటికి రాలేదు. ఆ దినములలో దేశమంతయు మన ప్రాంతమువైపు చూచినది.

పనిచోట మృత్యువు ఇట్లు పిడుగువలె పడినప్పుడు అందరి కన్నులును అటు తిరుగును. కాని అదే పనిచోట మరియొక మృత్యువు కూడ కలదు. అది చప్పుడు చేయదు, పత్రికల కెక్కదు. ఊపిరితోపాటు లోనికి పోయి, పదేండ్లో పదిహేనేండ్లో ఓపికగా కూర్చుండి, ఇంటిలో మంచముమీద మనిషిని తీసికొనిపోవును. మొదటిదానిని ప్రమాదమందుము. రెండవదానికి వృత్తివ్యాధి యని పేరు. ఈ రెండవదానిని ఎట్లు గుర్తింపవలెను, ఎట్లు అరికట్టవలెను అను విషయమును విద్యార్థి మిత్రుల ముందుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఒక ప్రశ్న

ఇటలీ దేశమున బెర్నార్దినో రామజ్జిని అను వైద్యుడుండెను. ఒకనాడు తన యింట మరుగుదొడ్డి గుంతను శుభ్రపరచుచున్న పనివాని కన్నుల బాధను చూచి ఆయన ఆలోచనలో పడెను. ఆ ఆలోచన నుండి 1700 సంవత్సరములో పనివారల వ్యాధులను గూర్చిన గ్రంథము పుట్టినది. ప్రాచీన వైద్యులు రోగిని అడుగవలసిన ప్రశ్నలను ఎన్నియో చెప్పిరి. వాటికి మరియొకటి చేర్పుడని రామజ్జిని కోరెను. "నీవు ఏ పని చేయుచున్నావు?" అనునదియే ఆ ప్రశ్న. మన కళాశాలలోని రెండవ భాషలో చెప్పవలెనన్న, "ఆప్ కా పేషా క్యా హై?" ఈ చిన్న ప్రశ్న అడుగకపోవుటచేతనే నేటికిని ఎందరి వ్యాధులో తప్పు పేరుతో తప్పు మందుకు పోవుచున్నవి.

మన రాయి, మన ఊపిరి

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమ రాతినేల. ఎటు చూచినను గుట్టలు, బండలు. పాలమూరు కూలీల చేతులతో దేశములోని ఎన్నో ఆనకట్టలు, కాలువలు రూపుదాల్చినవి. 1955లో పునాది పడి, 1967లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగరము ఈ నేలమీదనే రాతికట్టడముగా నిలిచియున్నది. రాయి కొట్టుట, కంకర చేయుట, పలుగురాతిని పొడిచేయుట మనవారికి అన్నము పెట్టిన పనులు.

ఈ రాళ్ళలో సిలికా అను పదార్థము కలదు. పలుగురాయి యన్నది దాదాపు సిలికాయే. రాయి పగిలినప్పుడు లేచు దుమ్ములో కంటికి కనబడు రేణువులు అంత ప్రమాదకరములు కావు. అవి ముక్కులోను గొంతులోను ఆగి, తుమ్ముతోనో కఫముతోనో బయటికి పోవును. భయపడవలసినది కంటికి కనబడని దుమ్మునకు. మన తలవెండ్రుక మందములో పదవవంతుకంటెను చిన్నవైన రేణువులు ఊపిరితిత్తుల చిట్టచివరి గాలిగదులదాక చేరును. శరీరమును కాపాడు కణములు వాటిని మ్రింగును గాని అరిగించుకొనలేవు. ఆ కణములే చచ్చి, ఆ చోట పుండు మానిన మచ్చవంటి గట్టి కణుపు ఏర్పడును. ఇట్టి కణుపులు వేలకొలది చేరినప్పుడు మెత్తని ఊపిరితిత్తి బిరుసెక్కి గాలిని పట్టలేకపోవును. దీనికే సిలికోసిస్ అని పేరు.

ఈ వ్యాధి సాధారణముగా పదేండ్లు, అంతకు పైబడి దుమ్ములో పనిచేసినవారికి వచ్చును. దుమ్ము దట్టముగా నుండు పొడి మిల్లులలోనైతే కొలది యేండ్లలోనే రావచ్చును. దీనిని మాన్పు మందు లేదు. పని మానిన పిదప కూడ అది ముదురుచుండవచ్చును. సిలికా దుమ్ము క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో నిర్ణయించినది. సిలికోసిస్ గలవానికి క్షయ సోకు అవకాశము ఇతరులకంటె అనేక రెట్లు ఎక్కువ.

ఇక్కడనే అసలు చిక్కున్నది. దగ్గు, ఆయాసము, ఛాతినొప్పి, బరువు తగ్గుట అను లక్షణములు క్షయకును దీనికిని సామాన్యములు. ఎక్స్‌రేలోని నీడలు కూడ పొరపాటు కలిగించును. పని యేదని యడుగనిచో రోగి క్షయ మందులు తిని, తగ్గక, మరల అదే దుమ్ములోనికి పోవును. మరణించిన పిదప కూడ ఆ వ్యాధి పేరు కాగితమున కెక్కదు. కాగితమున కెక్కని వ్యాధికి పరిహారము లేదు, నివారణయు లేదు.

మనము అక్షరములు దిద్దిన బలపమును తలచుకొందము. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో రాతి బలపములు కోయు పనివారిని అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరీక్షింపగా, సగమునకు పైగా సిలికోసిస్ బయటపడినది. ఆ రాష్ట్రముననే ఝాబువా, అలీరాజ్‌పూర్ ప్రాంతపు గిరిజనులు గుజరాత్‌లోని గోధ్రా వైపు పలుగురాతి మిల్లులకు వలసపోయి, వ్యాధితో ఇంటికి మరలి చనిపోయిరి. అట్టి 238 మంది కుటుంబములకు తలకు 3 లక్షల రూపాయలు చెల్లింపవలెనని జాతీయ మానవ హక్కుల సంఘము 2010లో సిఫారసు చేసినది. సుప్రీంకోర్టు ఆదేశము 2016లో గాని రాలేదు. వలసకూలీ వ్యాధి పనిచోట మొలిచి సొంతయూరిలో పండును. కావున అది ఏ యజమాని లెక్కలోను కనబడదు. వలసకు పేరుమోసిన పాలమూరు బిడ్డలమైన మనము ఈ ఉదంతమును పరాయిదిగా భావింపరాదు.

గుర్తించు విధము

కనబడని హానిని గుర్తించుట మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. ఫ్లోరైడు నీటికి రంగు లేదు, వాసన లేదు. అయినను వంగిన వెన్నులను, గారపట్టిన పండ్లను చూచి నీటిని అనుమానించుట నేర్చితిమి. పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు విధానము మన జిల్లా పేరుతోనే నల్లగొండ పద్ధతియని శాస్త్రగ్రంథముల కెక్కినది. నీటిని అనుమానించినట్లే గాలిని, చప్పుడును, వేడిని, చేయు పని తీరును కూడ అనుమానింపవలెను. దీనికి గొప్ప యంత్రములు అక్కరలేదు. నాలుగు ప్రశ్నలు చాలును.

మొదటిది: ఈ బాధ పనిరోజులకును సెలవురోజులకును ఎట్లు మారుచున్నది? సెలవునాడు తగ్గి, పనికి పోగానే పెరుగు దగ్గు పనిచోటు నుండి వచ్చినదని అనుమానింపవలెను. ప్రత్తి దుమ్ము పద్ధతి మరింత విచిత్రము. సెలవు తరువాత మొదటి దినముననే ఛాతి పట్టినట్లుండి, వారము గడచుకొలది సడలును. ప్రత్తి విరివిగా పండు నల్లగొండలో జిన్నింగు మిల్లుల పనివారు దీనిని తెలిసికొనియుండుట అవసరము.

రెండవది: అదే పని చేయువారిలో ఇదే బాధ ఇంకెందరికున్నది? ఒకరికి వచ్చినచో రోగము. ఒకేచోట పదిమందికి వచ్చినచో అది ఆ చోటు చెప్పుచున్న సాక్ష్యము.

మూడవది: చేయిచాచినంత దూరమున నున్న మనిషితో మాటాడుటకు గొంతు పెంచవలసి వచ్చుచున్నదా? వచ్చినచో, ఆ చప్పుడు చెవికి హాని చేయునంతటిదని ఎంచవచ్చును. క్రషర్లలోను, మిల్లులలోను ఏండ్ల తరబడి చప్పుడు విన్న చెవి మరల బాగుపడదు.

నాలుగవది: చేతికి, నోటికి, ఒంటికి ఏమి అంటుచున్నది? బీడీలు చుట్టు స్త్రీల చర్మము గుండ పొగాకులోని నికోటిన్ లోనికి ఇంకును. ఆకు తట్ట ఇంటిలోనే యుండుటచే పొగాకు ధూళి పసిపిల్లలకును చేరును. పురుగుమందు చల్లిన బట్టలతో ఇల్లు చేరు రైతుకూలీ విషయమును అంతియే.

అరికట్టు వరుస

హానిని గుర్తించిన పిదప మనకు తోచు మొదటి మాట "ముక్కుకు గుడ్డ కట్టుకొమ్ము" అని. శాస్త్రము చెప్పు వరుసలో అది చివరి మాట. మొదట హానిని మొత్తముగా తొలగింపగలమా యని చూడవలెను. కానిచో తక్కువ హాని గల వస్తువునో, పద్ధతినో తేవలెను. అదియు కానిచో యంత్రముతో, మూతతో, నీటితో, గాలిని లాగివేయు గొట్టములతో హానిని పుట్టినచోటనే బంధింపవలెను. తరువాత పనివేళలను, విశ్రాంతిని సరిదిద్దవలెను. ఇవన్నియు చేసిన పిదప మిగిలినదానికి మాత్రమే ముసుగు, చెవిబిరడ, తొడుగు. ఏలయన, మొదటి పద్ధతులు పనిచోటును మార్చును. చివరిది బాధ్యతను పనివాని నెత్తిన పెట్టును.

ఇది పుస్తకపు మాట మాత్రమే కాదనుటకు మన ప్రాంతములోనే నిదర్శనము కలదు. పోచంపల్లి చీర నేయుటకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా నున్న మేకులచుట్టు దారమును చేతితో త్రిప్పుటయే ఆసు. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఆడవలెను. దినమునకు రెండు చీరలన్నచో 18,000 సార్లు. ఈ పని ఎక్కువగా ఇంటి స్త్రీలదే. ఆలేరు మండలము శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజములనొప్పితో బాధపడుట చూచుచు పెరిగెను. ఆరవ తరగతితో చదువు ఆగిన ఆ నేతబిడ్డ ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు పోయు యంత్రమును సిద్ధముచేసి, దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. భుజమునకు తైలము రాయుట ఒక మార్గము. భుజమునకు ఆ పనియే లేకుండ చేయుట మరియొక మార్గము. ఆయన రెండవదానిని ఎన్నుకొనెను. అరికట్టు వరుసలో మొదటి మెట్టన్న నిదియే.

ఇదే బుద్ధిని రాతిపనికి అన్వయింతము. రాయి పగులుచోట, కంకర జారుచోట నీటి తుంపరలు చిలికినచో దుమ్ము పుట్టకముందే అణగును. పొడి మిల్లులో నీరు పనికిరాదన్నచో, యంత్రమునకు మూత బిగించి, దుమ్మును గొట్టముల ద్వారా లాగి సంచులలో పట్టవలెను. పొడి చీపురుతో ఊడ్చుట మాని, తడిపి ఊడ్వవలెను. పనిబట్టలను ఇంటికి తేక, పనిచోటనే మార్చుకొనవలెను. తువ్వాలయు, దస్తీయు కంటికి కనబడు దుమ్మునే ఆపును. ప్రాణము తీయునది వాటి నేతలోనుండి దూరిపోవును. తగిన ముసుగు వేరు. దానిని కొని యిచ్చుట యజమాని విధి.

తాటిచెట్టెక్కు గీతకార్మికుని సంగతి వేరు. చెట్టును పొట్టిచేయలేము. అక్కడ రక్షణసాధనమే దిక్కు. తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో కాటమయ్య పేరిట రక్షణ కవచములను గీతకార్మికుల కిచ్చుట ప్రారంభించినది. మోకు జారినను మనిషిని పట్టియుంచుటకై చేసిన సాధనములవి. ఏ హానికి ఏ మెట్టు తగునో తెలిసికొనుటయే వివేకము.

చట్టము, దాని హద్దు

1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్ విషాదము తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ప్రమాదకరమైన పనులను గూర్చి ముందుగా తెలిసికొను హక్కును కార్మికుల కిచ్చిరి. 1948 నాటి ఆ చట్టము స్థానమున 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. సిలికోసిస్ మున్నగు వ్యాధులను గుర్తించిన వైద్యుడు అధికారులకు తెలుపవలెనను నియమము పాత చట్టములోను, క్రొత్త కోడ్‌లోను కలదు. కాని ఒక సంగతి గమనింపవలెను. విద్యుత్తు వాడుచోట 10 మంది పనివారున్న పాత చట్టము ప్రకారము ఫ్యాక్టరీ యగుచుండెను. క్రొత్త కోడ్‌లో ఆ సంఖ్య 20. ఊరివెలుపలి చిన్న మిల్లు ఫ్యాక్టరీ లెక్కలోనికి రాకపోవచ్చును. దుమ్మునకు ఈ లెక్కలు తెలియవు.

మన కర్తవ్యము

మన కళాశాలలో చదువుచున్నవారిలో రాళ్ళు కొట్టువారి బిడ్డలు, మగ్గము నేయువారి బిడ్డలు, బీడీలు చుట్టువారి బిడ్డలు, మెకానిక్కుల బిడ్డలు ఉన్నారు. తండ్రి ఏ పని యేండ్లకొలది చేసెనో, ఎక్కడ చేసెనో, ఏ దుమ్ములో చేసెనో ఒక కాగితముమీద వ్రాసి, ఆసుపత్రికి పోవునప్పుడు వైద్యుని చేతిలో పెట్టుట ప్రతి విద్యార్థియు నేడే చేయగల పని. చదువురాని తల్లిదండ్రులకు చదువుకొన్న బిడ్డ ఇంతకు మించి చేయగల సేవ యేమున్నది? జాతీయ సేవా పథకము శిబిరములలో రోడ్లు ఊడ్చుటతోపాటు ఈ వివరములు సేకరించినచో గ్రామమునకును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును మేలు కలుగును.

కళాశాల యాజమాన్య సంఘమునకును ఒక మనవి. పనిచోటు అనగా మిల్లు మాత్రమే కాదు. మన రసాయన ప్రయోగశాలయు పనిచోటే. అందు నిత్యము పనిచేయు సహాయకుడును కార్మికుడే. ప్రతి సీసాకు పేరుచీటి యున్నదా, ఆవిరులు బయటికి పోవు దారి యున్నదా, కంటిలో ఆమ్లము చిందినచో కడుగుటకు నీరు దగ్గరలో నున్నదా యని సంవత్సరమునకొకసారి పరిశీలించినచో, పాఠములో చెప్పినది గోడల మధ్య చేసి చూపినవారమగుదుము.

కూలి చెల్లించినవాడు చెమటను కొన్నాడు గాని ఊపిరిని కొనలేదు. ఆ తేడాను గుర్తించి, అడుగవలసిన చోట అడుగగలుగుటయే చదువునకు సార్థకత.