టర్బైన్ ఆయుష్షు ఎక్కడ తరుగుతుంది?

మిర్యాలగూడ దాటి దామరచర్ల మండలంలోకి వెళ్తే వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీలు కనిపిస్తాయి. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు. 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. అన్నిటికంటే ముందు రెండో యూనిట్‌ను 2024 డిసెంబర్‌లో ప్రారంభించారు. కరెంటు చాలనప్పుడు ఇలాంటి యూనిట్‌ను స్విచ్ వేసినట్టు నడపొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నడపలేం. టర్బైన్ ఉక్కు అందుకు ఒప్పుకోదు.

ఇది సూపర్ క్రిటికల్ కేంద్రం. బాయిలర్‌లో పీడనం 221 బార్లు దాటుతుంది, ఆవిరి వేడి 600 డిగ్రీలకు చేరువవుతుంది. ఆవిరి ఎంత వేడిగా ఉంటే అదే బొగ్గుకు అంత ఎక్కువ కరెంటు వస్తుంది. అలాగని వేడి పెంచుకుంటూ పోలేం. అంత వేడిలో, అంత ఒత్తిడిలో ఉక్కు ఏళ్ల తరబడి వెంట్రుకవాసి చొప్పున సాగుతూనే ఉంటుంది. దీన్ని క్రీప్ అంటారు. పరిమితి మీద పది పదిహేను డిగ్రీలు ఎక్కువగా అదేపనిగా నడిపితే ఆ భాగం ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క.

నా దృష్టిలో ఇంతకంటే పెద్ద శత్రువు వేడి హెచ్చుతగ్గులు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే రోటార్ టన్నుల బరువుండే ఉక్కు కడ్డీ. చల్లగా ఉన్నదాని మీదికి ఒక్కసారిగా ఆవిరి వదిలితే పైపొర వ్యాకోచిస్తుంది, లోపలి భాగం ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ లాగులాటలో కంటికి కనిపించని పగుళ్లు మొదలవుతాయి. అందుకే పూర్తిగా చల్లారిన యూనిట్‌ను పూర్తి లోడుకు తేవడానికి గంటల తరబడి పడుతుంది. ఆపినప్పుడూ అంతే జాగ్రత్త. వేడి రోటార్‌ను కదలకుండా వదిలేస్తే పైభాగం, కిందిభాగం సమంగా చల్లారక వంగిపోతుంది. బ్యారింగ్ గేర్‌తో దాన్ని నెమ్మదిగా గంటల కొద్దీ తిప్పుతూనే ఉండాలి. విమానం దిగాక పైలట్ ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా కొన్ని నిమిషాలు తక్కువ వేగంలో ఉంచేదీ వేడి భాగాలను కాపాడుకోవడానికే.

మధ్యాహ్నం సోలార్ కరెంటు పోటెత్తితే థర్మల్ యూనిట్ల లోడు తగ్గించాలి, సాయంత్రం సూర్యాపేటలో, కోదాడలో ఇళ్లన్నీ లైట్లు, ఏసీలు వేసేసరికి మళ్లీ పెంచాలి. బొగ్గు యూనిట్లు అవసరమైతే 40 శాతం లోడుకు దిగగలిగేలా ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధన తెచ్చింది. ఇలా దిగి ఎక్కిన ప్రతిసారీ లోహం ఆయుష్షు కొంత ఖర్చవుతుంది. బొగ్గు ధరలాగే దీన్నీ కరెంటు ఖర్చులో లెక్కగట్టాలి. రైతు సోదరులు వీలైనంతవరకు బోరు మోటార్లను ఎండ ఉన్న వేళే నడపాలి. అప్పుడు ఈ హెచ్చుతగ్గులు కొంతైనా తగ్గుతాయి.