భోజనాల బల్ల మీద కాంకార్డ్ లెక్క

ధ్వని కన్నా వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానం 1969 మార్చి 2న ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో తొలిసారి నేల విడిచింది. రెండు దేశాల ప్రభుత్వాలు ఖజానాలు గుమ్మరించి తయారు చేయించిన విమానం అది. దాని బ్లాక్ బాక్స్ కోసం ప్రోగ్రాములు రాసినవాళ్లు ఏ కర్మాగారంలో వెతికినా దొరకరు. ఇంగ్లండులో తలో ఊళ్లో, ఎవరింట్లో వాళ్లు, పిల్లల పనులు తెముల్చుకుని కాగితాలు ముందేసుకున్న ఆడవాళ్లు వాళ్లు. ఆ బృందాన్ని నడిపింది ఆన్ మోఫాట్. 1966లో తీసిన ఆమె ఫొటో ఒకటుంది. ఇంట్లో బల్ల, దాని నిండా కాగితాలు, పక్కనే చంటిబిడ్డ. కంప్యూటర్ మాత్రం ఆ ఫొటోలో ఎక్కడా లేదు.

వాళ్లంతా పనిచేసిన సంస్థ పేరు ‘ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్’. 1962లో స్టీఫనీ షర్లీ అనే యువతి తన ఇంట్లో, భోజనాల బల్ల మీద, 6 పౌండ్ల పెట్టుబడితో మొదలుపెట్టిన చిన్న సేవల కంపెనీ. అందులో చేరిన మొదటి 300 మందిలో మగవాళ్లు ముగ్గురే.

ఇవాళ చిన్నా పెద్దా సాఫ్ట్‌వేర్ సంస్థలెన్నో ఏడాదికోసారి గోడల మీద అడా లవ్‌లేస్ బొమ్మో, గ్రేస్ హాపర్ బొమ్మో పెట్టి కంప్యూటర్ రంగపు తొలితరం మహిళలను తలచుకుంటున్నాయి. మంచి సంప్రదాయం. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లకు ఆ బొమ్మ ఇచ్చే ధైర్యం తక్కువది కాదు. అయితే అలాంటి సంస్థలు ముందుగా చదవాల్సిన చరిత్ర షర్లీదని నా నమ్మకం. ఎందుకంటే ఆమె మార్చింది పని జరిగే తీరును. పని వేళలు, పని చోటు, జీతం లెక్క, చివరికి యాజమాన్యం కూడా.

రైలెక్కిన పసిపిల్ల

షర్లీ అసలు పేరు వెరా బుక్తాల్. 1933లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో పుట్టారు. తండ్రి న్యాయమూర్తి, యూదుడు. నాజీలు ఆయన పదవి ఊడగొట్టారు. కుటుంబం వియన్నా చేరింది. అక్కడా నిలవనీయలేదు. 1939 జులైలో తల్లి తన ఇద్దరు కూతుళ్లను రైలెక్కించింది. పెద్దమ్మాయి రెనాటెకు తొమ్మిదేళ్లు, వెరాకు ఐదు. యుద్ధానికి ముందు దాదాపు 10,000 మంది పిల్లలను బ్రిటన్ చేర్చిన ‘కిండర్‌ట్రాన్స్‌పోర్ట్’ రైళ్లలో అదొకటి. ముక్కూమొహం తెలియని దంపతులు ఆ అక్కాచెల్లెళ్లను సాకారు. కన్నవాళ్లు కూడా తర్వాత ప్రాణాలతో బయటపడ్డారు కానీ, తెగిన ఆ బంధం మళ్లీ మునుపటిలా అతకలేదని షర్లీయే చెప్పుకున్నారు.

బడిలో ఆమెకు లెక్కలంటే ప్రాణం. ఆడపిల్లల బడిలో ఆ స్థాయి లెక్కలు చెప్పేవాళ్లు లేరు. పట్టుబట్టి మగపిల్లల బడికి వెళ్లి నేర్చుకున్నారు. పద్దెనిమిదేళ్లకు లండన్‌లోని డాలిస్ హిల్‌లో, తపాలా శాఖ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం దొరికింది. పగలు పని, సాయంత్రాలు కాలేజీ. అలా ఆరేళ్లు చదివి గణితంలో పట్టా తెచ్చుకున్నారు.

డాలిస్ హిల్ మామూలు చోటు కాదు. యుద్ధకాలంలో జర్మనీ రహస్య సందేశాలు ఛేదించేందుకు టామీ ఫ్లవర్స్ ‘కొలోసస్’ యంత్రాన్ని నిర్మించింది అక్కడే. బ్లెచ్లీ పార్క్‌లో ఆ యంత్రాలను నడిపింది నౌకాదళపు మహిళా విభాగం అమ్మాయిలు. 1970ల నడిమి దాకా అదంతా ప్రభుత్వ రహస్యం. తమకు ముందే ఆడవాళ్లు కంప్యూటర్ల దగ్గర నిలబడి యుద్ధపు గతిని మార్చారన్న సంగతి షర్లీ తరానికి తెలిసే వీలే లేదు.

అట్లాంటిక్‌కు అవతల రహస్యం అవసరం లేకపోయినా ఫలితం అదే. 1946 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో ఎనియాక్ కంప్యూటర్‌ను లోకానికి చూపించారు. దానికి ప్రోగ్రాములు కూర్చింది ఆరుగురు మహిళలు: కే మెక్‌నల్టీ, బెటీ జెనింగ్స్, బెటీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. ఆ రోజు జరిగిన విందుకు వాళ్లకు పిలుపు లేదు. ఈ ఆరు పేర్లనూ వరసగా రాయడానికి కారణం ఉంది. దశాబ్దాల పాటు ఎనియాక్ ఫొటోల కింద ఆ పేర్లు ఉండేవి కావు.

‘స్టీవ్’ సంతకం

డాలిస్ హిల్ తర్వాత షర్లీ ఒక కంప్యూటర్ తయారీ సంస్థలో చేరారు. పనిలో ముందున్నా, ఒక మెట్టు దాటాక పైకి దారి లేదు. 1959లో భౌతికశాస్త్రవేత్త డెరెక్ షర్లీతో పెళ్లయింది. ఆ రోజుల్లో పెళ్లయితేనో, కడుపుతో ఉంటేనో ఆడవాళ్లు ఉద్యోగం మానేయడం ఆనవాయితీ. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు దేశంలో అరుదుగా ఉన్న కాలంలో, అందులో ఆరితేరిన ఆడవాళ్లు ఇళ్లలో ఖాళీగా ఉండిపోయారు. షర్లీ కంట్లో పడింది ఈ వృథాయే.

ఆమె ఒంటరి కాదన్నదీ చెప్పుకోవాలి. బ్రిటన్‌లో తొలి స్వతంత్ర సాఫ్ట్‌వేర్ సంస్థను 1959లో పెట్టింది డీనా సెయింట్ జాన్‌స్టన్ అనే మహిళ. అమెరికాలో ఎల్సీ షట్ 1950ల చివర్లోనే పిల్లల తల్లులతో ఇంటి నుంచి ప్రోగ్రాములు రాయించే కంపెనీ నడిపారు. పని తెలిసిన ఆడవాళ్లు, వాళ్లను బయటికి పంపే లోకం, ఈ రెండూ ఉన్నచోటల్లా ఇలాంటి ఆలోచన పుట్టుకొచ్చింది.

స్టీఫనీ పేరుతో ఎన్ని ఉత్తరాలు రాసినా కంపెనీల నుంచి జవాబు రాలేదు. ‘స్టీవ్’ అని సంతకం పెట్టి చూడమన్నారు డెరెక్. జవాబులు మొదలయ్యాయి. వచ్చింది మగవాడు కాదని తెలిసేసరికి ఆమె గదిలోకి వెళ్లి కరచాలనం చేసేవారు. ఆ పేరు ఆమెకు జీవితాంతం ఉండిపోయింది. ఖాతాదారులు ఫోన్ చేసినప్పుడు వెనక పిల్లవాడి ఏడుపు వినపడకుండా, టైపు మిషను చప్పుడు రికార్డు చేసిపెట్టుకుని వినిపించేవారు. నిండుగా నడిచే ఆఫీసు అనుకునేవారు అవతలివాళ్లు.

ఉద్యోగానికి వచ్చేవాళ్లను ఆమె అడిగే మొదటి ప్రశ్న, మీకు టెలిఫోను అందుబాటులో ఉందా అని. ఆ కాలపు ప్రోగ్రామింగ్‌కు ఇంట్లో కంప్యూటర్ అక్కర్లేదు. ముందు సమస్యను ఫ్లోచార్ట్‌గా గీసుకోవాలి. తర్వాత కోడింగ్ షీట్ల మీద పెన్సిలుతో ఒక్కో ఆదేశం రాయాలి. రాసింది మనసులోనే నడిపి చూసి తప్పులు ఏరాలి. ఆ కాగితాలు తపాలాలో వెళితే, అక్కడ వాటిని కార్డుల మీదో టేపు మీదో రంధ్రాలుగా కొట్టేవారు. యంత్రం దాకా వెళ్లేది ఆ తర్వాతే. అంటే పనిలో కష్టమైన భాగమంతా బుర్రలోనూ కాగితం మీదనూ జరిగేదే. దానికి ఇల్లయినా ఆఫీసయినా ఒకటే. అందరి కళ్ల ముందూ ఉన్న ఈ నిజాన్ని పట్టుకోవడంలోనే షర్లీ ప్రతిభంతా ఉంది.

ఇళ్లలో విడివిడిగా పనిచేసేవాళ్ల మధ్య నోటిమాట సరిపోదు. ఒకరు రాసింది ఇంకొకరు చదివి అర్థం చేసుకునేలా ఉండాలి. పిల్లాడికి జ్వరమొచ్చి ఒకరు ఆగిపోతే మరొకరు అందుకోవాలి. అందుకని పని ఎలా రాయాలో, ఎలా సరిచూడాలో కట్టుదిట్టమైన పద్ధతులు పెట్టుకున్నారు. అప్పట్లో చాలా కంపెనీలకు లేని క్రమశిక్షణ అది. తర్వాత నాటో వీళ్ల నాణ్యతా ప్రమాణాలనే తీసుకుంది. గంటల లెక్కన డబ్బు అడిగితే ఇంటి పనివాళ్లన్న చిన్నచూపు వస్తుందని, మొత్తం పనికి ఇంత అని ముందే ధర చెప్పేవారు. సాఫ్ట్‌వేర్ రంగంలో అలా చెప్పిన తొలి సంస్థల్లో ఇదొకటి. గూడ్సు రైళ్ల వేళలు, బస్సుల టైంటేబుళ్లు, ఆపైన కాంకార్డ్ అన్నీ ఈ పద్ధతిలోనే తయారయ్యాయి.

తల్లులకు వెసులుబాటు ఇవ్వడానికి పెట్టిన ఏర్పాటే సంస్థకు బలమైంది. వైవిధ్యం అంటే పుణ్యానికి చేసే పని అనుకునేవాళ్లకు చూపించదగ్గ ఉదాహరణ ఇంతకు మించి నాకు తెలియదు.

1975లో బ్రిటన్ పార్లమెంటు లింగ వివక్షను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఆడవాళ్ల మేలు కోరి చేసిన ఆ చట్టం వల్లే, ఆడవాళ్లకే ముందు చోటివ్వాలన్న షర్లీ విధానం చెల్లకుండా పోయింది. సంస్థ తలుపులు మగవాళ్లకూ సమానంగా తెరిచింది.

వాటాలు, వేదన

మొదటి డివిడెండ్ ఇవ్వడానికి సంస్థకు పాతికేళ్లు పట్టింది. ఈలోగా ఆర్థిక మాంద్యం వచ్చి మూతపడేంత పనయింది. అయినా కంపెనీలో నాలుగోవంతును షర్లీ పైసా తీసుకోకుండా సిబ్బంది చేతుల్లో పెట్టారు. పేరు ఎఫ్ఐ గ్రూప్‌గా మారి 1996లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి వెళ్లినప్పుడు, సిబ్బందిలో 70 మంది మిలియనీర్లయ్యారు, అదీ పౌండ్లలో. ఒకప్పుడు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఒక దశలో సంస్థ సిబ్బంది 8,500కి చేరింది. జాన్సా అని పేరు మార్చుకున్నాక నోయిడా, చెన్నైలలోనూ మనవాళ్లు వేలమంది అందులో పనిచేశారు. 2007లో ఫ్రెంచి సంస్థ స్టెరియా దాన్ని కొనుక్కుంది.

ఈ ఎదుగుదలంతా సాగుతున్న కాలంలోనే ఆమె ఇంట్లో మరో పోరాటం ఉంది. 1963లో పుట్టిన ఒక్కగానొక్క కొడుకు జైల్స్‌కు తీవ్రమైన ఆటిజం. వచ్చిన కాసిని మాటలూ రెండున్నరేళ్లకే పోయాయి. పెరిగేకొద్దీ అదుపు తప్పేవాడు. అతణ్ని చూసుకుంటూ, కంపెనీ నడుపుతూ ఆమె ఒక దశలో పూర్తిగా కుంగిపోయి ఆసుపత్రి పాలయ్యారు. 1998లో, 35 ఏళ్లకు జైల్స్ కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాది బెర్క్‌షైర్‌లో ఆటిజం పిల్లల కోసం ఆమె డబ్బుతో ప్రయర్స్ కోర్ట్ బడి తెరుచుకుంది. ఆటిజం పరిశోధనకు ఒక సంస్థ, ఆక్స్‌ఫర్డ్‌లో ఇంటర్నెట్ అధ్యయన కేంద్రం... సంపాదనలో చాలా భాగం అలాగే వెళ్లిపోయింది. చిన్నప్పుడు తన ప్రాణం కాపాడినందుకు తగిన బతుకు బతకాలన్నది ఆమె తరచూ చెప్పిన మాటల సారం. 2025 ఆగస్టులో, 91 ఏళ్ల వయసులో ఆమె వెళ్లిపోయారు.

50 మంది లోపు

కరోనా రోజుల్లో హైదరాబాద్, విశాఖ ఇళ్లలో భోజనాల బల్లలన్నీ ఆఫీసులైనప్పుడు అదొక కొత్త లోకంలా మాట్లాడుకున్నాం. అప్పటికే ఆ లోకానికి అరవై ఏళ్లు దగ్గరపడుతున్నాయి.

మన దేశంలో 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. పని స్వభావం ఒప్పుకుంటే, సెలవు తర్వాత యజమానితో మాట్లాడుకుని ఇంటి నుంచి పనిచేసే వీలూ కల్పించింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండి తీరాలంది. అంటే 30 మందో 40 మందో పనిచేసే చిన్న ఐటీ సంస్థకు ఈ చివరి నిబంధన వర్తించదు. పెద్ద కంపెనీలకు భవనాలున్నాయి, బడ్జెట్లున్నాయి, చిన్నవాళ్లం మేమేం చేయగలం అని ఆ యజమానులు అనడం విన్నాను. వాళ్ల ఇబ్బంది నిజమే, కాదనను. కానీ షర్లీ దగ్గర భవనమే లేదు. పని విభజించడం, రాసిపెట్టడం, ఒకరిది ఒకరు అందుకోవడం, వీటి మీద పెట్టిన శ్రద్ధే ఆమె పెట్టుబడి. ఈ శ్రద్ధ చిన్న సంస్థకే తేలిక. పదిమంది కూర్చుని ఒక సాయంత్రంలో నిర్ణయించుకోవచ్చు.

ఈసారి గోడ మీద బొమ్మలు పెట్టేటప్పుడు అడా పక్కన డీనా సెయింట్ జాన్‌స్టన్‌కూ, ఎల్సీ షట్‌కూ, ఆన్ మోఫాట్‌కూ చోటివ్వండి. అదే రోజు పాత రిజిస్టరు తీయండి. కాన్పుకని వెళ్లి తిరిగి రాని మీ ప్రోగ్రామర్ల నంబర్లు అందులో ఉంటాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, రోజుకు ఎన్ని గంటలు కుదురుతుందో, ఏ వేళ కుదురుతుందో వాళ్లనే చెప్పమనండి.