పొలంలో పండింది పళ్లెంలోకి వచ్చిందా? ఫోన్ యాప్‌తో మా ఇంటి ఏడు రోజుల లెక్క



ప్రతిసారీ వీడియోలో ఘన జీవామృతం కుప్పో, నవధాన్యాలు చల్లిన మడో చూపిస్తుంటాను. ఈసారి వీడియోలో ఒక కంచం, ఒక కాటా, ఒక ఫోన్ మాత్రమే కనిపిస్తాయి. వంటల ఛానెల్ పెట్టేశాడా అనుకోకండి. ఇదీ వ్యవసాయం ముచ్చటే. వీడియోలో టైం చాలక వదిలేసిన లెక్కలన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నా.

అసలు ఎందుకు మొదలుపెట్టాం?

మాది ప్రకాశం జిల్లా, మెట్ట ప్రాంతం. నాలుగెకరాల్లో కంది, కొర్ర, సజ్జ, ఉలవ వేస్తాం. గట్ల మీద మునగ, ఇంటి వెనక ఐదు సెంట్లలో ఆకుకూరలు. ఆరేళ్లుగా మందు బస్తా మా పొలం గట్టు ఎక్కలేదు. కొర్రబియ్యం, కందిపప్పు, సజ్జపిండి ప్యాకెట్లు కట్టి ఒంగోలు, హైదరాబాద్ పంపిస్తాం. ప్యాకింగ్ పని మొత్తం మా ఆవిడదే.

పోయిన చలికాలం ఒకరోజు ప్యాకెట్లు సీలు వేస్తూ వేస్తూ, కళ్లు తిరుగుతున్నాయని గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఏఎన్ఎం అక్క వచ్చి రక్తం చూసింది. హిమోగ్లోబిన్ 9.4. గర్భం లేని ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. ఐరన్ మాత్రలు చేతిలో పెడుతూ అక్క ఒక మాట అంది: "ఊరందరికీ ఆరోగ్యం అమ్ముతారు, మీ ఇంట్లో ఇదేంటి తమ్ముడూ?"

నాకు సమాధానం దొరకలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగం కంటే ఎక్కువ మంది. ఆ సగంలో మా ఇల్లు ఉండదని ఇన్నాళ్లూ ఏ ధైర్యంతో అనుకున్నానో నాకే తెలీదు.

డిప్లొమాలో మాకు మొదట నేర్పింది ఏంటంటే, మట్టి పరీక్ష చేయకుండా ఏ లోపమూ ఊహించొద్దు అని. సరే, ఇంటికీ అదే పద్ధతి పెడదాం అనుకున్నాం. ఏడు రోజులు ఇంట్లో ముగ్గురం, అంటే నేను, మా ఆవిడ, అమ్మ, ఏం తింటే అది తూచి యాప్‌లో రాశాం.

ఏ యాప్, ఎలా?

చాలా యాప్‌లు కేలరీలు, ప్రొటీన్ చూపించి ఆగిపోతాయి. మనకు కావాల్సింది ఇనుము, కాల్షియం, జింక్, విటమిన్ ఎ, సి, బి12 లాంటివి విడివిడిగా చూపించేది. క్రోనోమీటర్ ఆ రకం. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లది న్యూట్రిఫై ఇండియా నౌ అని ఒకటి ఉంది. ఏది పెట్టుకున్నా సరే, మీరు ఎంచుకునే పదార్థం పక్కన లెక్క ఎక్కడి నుంచి తీసుకున్నారో చూడండి. మన తిండికి నమ్మదగ్గ ఆధారం ఆ సంస్థే 2017లో వేసిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక. దేశమంతా తిరిగి నమూనాలు తెచ్చి, 528 పదార్థాలను పరీక్ష చేసి వేసిన పట్టిక అది.

కాటా కొత్తది కొనలేదు. ప్యాకింగ్ కాటానే వంటింట్లోకి తెచ్చాం.

మేము చేసిన తప్పులు (మీరు చేయకండి)

ఒకటి. అన్నం తూచి "బియ్యం" అని రాశాం. 100 గ్రాముల బియ్యం ఉడికితే 250 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది. మొదటిరోజు మా అమ్మ ఒక్క పూట అన్నంతోనే వెయ్యి కేలరీలు తిన్నట్టు చూపించింది. "నేను తింటే కదరా" అని ఒకటే నవ్వు.

రెండు. మునగాకు కూర చేసుకున్న రోజు యాప్‌లో వెతికితే ముందు వచ్చింది ఎండు మునగాకు పొడి. చూసుకోకుండా 50 గ్రాములు అని నొక్కేశా. ఒక్క కూరతో ఆడవాళ్లకు రోజుకి కావాల్సిన ఇనుములో సగం వచ్చేసినట్టు చూపించింది! పచ్చిరొట్టకీ ఎండురొట్టకీ తేడా తెలిసిన రైతులం, వంటింట్లో మర్చిపోయాం. పచ్చి ఆకులో ముప్పావు వంతు నీళ్లే కదండీ.

మూడు. మన ఉలవచారు, పచ్చిపులుసు లాంటివి ఎవరో వాడకందార్లు ఎక్కించినవి ఉంటాయి. వాటికి కేలరీలు మాత్రమే ఉండి విటమిన్ల గడులు ఖాళీగా ఉంటాయి. మొత్తం కూడేటప్పుడు ఆ ఖాళీ సున్నాగా పోతుంది. ఖాళీ అంటే లేదని కాదు, ఎవరూ రాయలేదని. అందుకే కూర పేరు పెట్టి వెతక్కండి. వండే ముందు పప్పు, ఆకు, నూనె, చింతపండు విడివిడిగా తూచి మీ సొంత వంటగా సేవ్ చేసుకోండి. ఇది ఎలాగో వీడియోలో చూపించాను.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది. విదేశీ యాప్‌లు ఆడవాళ్లకు రోజుకి ఇనుము 18 మి.గ్రా. చాలని పెడతాయి. అది అమెరికా లెక్క. మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ఆడవాళ్లకు 29, మగవాళ్లకు 19 మి.గ్రా. మన తిండిలో మాంసం తక్కువ, గింజలు ఎక్కువ. గింజల్లోని ఇనుము ఒంటికి తక్కువ పడుతుంది కాబట్టి ఎక్కువ తినాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ అంకె మార్చుకోకపోతే, లోపం ఉన్నా ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది.

ఏడో రోజు రాత్రి

తప్పులన్నీ దిద్దుకున్నాక వచ్చిన వారం సగటు ఇది. మా ఆవిడకి ఇనుము రోజుకి 9 మి.గ్రా. అంటే కావాల్సినదాంట్లో మూడో వంతు. కాల్షియం 350, కావాల్సింది 1000. బి12 ఒక మైక్రోగ్రాము దగ్గర. కావాల్సింది రెండుకి కొంచెం పైన. అదే ఇంట్లో, అదే పొయ్యి మీద వండింది తిన్న నాకు అన్నీ తనకంటే ఎక్కువే వచ్చాయి.

ఎందుకు? లిస్టు వెనక్కి తిప్పి చూశాం. నా పేరు కింద వారంలో ఐదు గుడ్లు ఉన్నాయి, తన పేరు కింద ఒకటి. ఆదివారం కోడికూర నాకు 150 గ్రాములు, తనకి అడుగున మిగిలిన పులుసు. పొలం నుంచి వచ్చిన మునగాకు, తోటకూర కట్టలు కట్టింది తనే. వారం మొత్తంలో ఆకుకూర తన కంచంలోకి వచ్చింది ఒక్కసారి. మిగతాదంతా ఆటో ఎక్కి ఒంగోలు పోయింది. కొర్రబియ్యం, సజ్జపిండి మేం అమ్ముతాం, తినేది మాత్రం మూడు పూటలా తెల్ల బియ్యం. తెల్ల బియ్యంలో 100 గ్రాములకి ఇనుము 0.65 మి.గ్రా. మాత్రమే.

మా ఆవిడ ఫోన్ నా చేతికిచ్చి ఒకటే అంది: "యాప్ చెప్తే గానీ మీకు కనపడలేదా అండీ?" ఆ మాట వీడియోలో పెట్టలేదు. ఇక్కడ రాస్తున్నా.

ఉండటం వేరు, అందడం వేరు

మా వైపు సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగ లేత ఆకులు పసుపు తిరుగుతాయి. ఇనుప ధాతు లోపం. నిజానికి ఆ నేలలో ఇనుము బోలెడంత ఉంటుంది. మొక్క తీసుకోగలిగే రూపంలో ఉండదు, అంతే. దానికి డిప్లొమాలో మాకు చెప్పిన మందు అన్నభేది, దాంతో పాటు కొంచెం నిమ్మ ఉప్పు. ఇప్పుడు మనం అది కొట్టం, సేంద్రియ పదార్థం పెంచి దారి చూస్తాం. కానీ పాఠం గుర్తుంచుకోండి.

ఒంట్లోనూ అంతే. ఆకుకూరల్లో, పప్పుల్లో ఇనుము ఉంటుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అది సరిగా పట్టదు. అదే పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే, తిన్నాక జామకాయ తింటే బాగా పడుతుంది. జామకాయలో 100 గ్రాములకి విటమిన్ సి 200 మి.గ్రా. పైనే ఉంటుంది, ఆడవాళ్లకి రోజుకి కావాల్సింది 65. యాప్ ఇవన్నీ చూడదు. కంచంలో ఉన్నది కూడుతుంది, ఒంటికి అందింది కూడలేదు. అందింది చెప్పేది రక్త పరీక్ష ఒక్కటే. యాప్‌ని ఎరువుల లెక్క అనుకుంటే, రక్త పరీక్షని మట్టి పరీక్ష అనుకోండి.

ఏం మార్చాం?

రాత్రి అన్నం మానేసి 60 గ్రాముల పిండితో సజ్జ రొట్టె (100 గ్రాముల సజ్జల్లో ఇనుము 6 మి.గ్రా. పైన). పొద్దున టీ బదులు రాగి జావ (100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మి.గ్రా.). సాయంత్రం బిస్కెట్ల బదులు ఒక నువ్వుల ఉండ. వారానికి నాలుగు రోజులు తోటకూర, మూడు రోజులు ఉలవలు. గుడ్లు ముగ్గురికీ సమానం. టీ భోజనానికి గంట అటో ఇటో.

మళ్లీ వారం రాస్తే తన ఇనుము 9 నుంచి 20కి వచ్చింది. కాల్షియం 800 దాటింది. గమనించారా, ఇంత చేసినా ఇనుము 29 చేరలేదు. అందుకే మాత్రలు ఆపలేదు. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11.1. అందులో ఎక్కువ వాటా మాత్రలదే అనుకుంటున్నా. తిండి మార్పు అసలు పని ఇక ముందు, మళ్లీ కింద పడకుండా చూడటంలో. రక్తం తక్కువని తెలిస్తే యాప్ చూసి సొంత వైద్యం చేయొద్దు, మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు, ఆపొద్దు. గర్భిణులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ గారి మాటే వినాలి.

మన రైతులు ఎక్కువగా అడిగేవి రెండు

"జీవామృతం వేసిన ఆకుకూరల్లో బి12 ఉంటుందట కదా?" దాని మీద ఆధారపడకండి. బి12కి నమ్మకమైన దారి పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం. ఏవీ ముట్టనివాళ్లు పరీక్ష చేయించుకుని డాక్టర్ గారిని అడగాలి. అలాగే విటమిన్ డి యాప్‌లో సున్నా చూపిస్తే కంగారు పడకండి. అది ఎక్కువగా ఎండ వల్ల చర్మంలో తయారవుతుంది, ఆ లెక్క యాప్‌కి తెలీదు.

"మనం పండించిన దాంట్లో పోషకాలు ఎక్కువ కదా, యాప్‌లో ఎందుకు చూపించదు?" యాప్‌కి మీ పొలం తెలీదు. అందులో ఉన్నది సగటు. మన మునగాకు ఎక్కువో తక్కువో చెప్పాలంటే ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. అమ్మకాలు చేసే తమ్ముళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా: యాప్‌లో అంకె చూసి ప్యాకెట్ మీద అచ్చు వేయకండి. మా పాత లేబుల్ మీద "ఐరన్ అధికం" అని నేనే వేయించా. ఇప్పుడు తీసేశాను. ఏ రకం, ఏ పొలం, ఏ నెలలో కోశాం అని మాత్రం వేస్తున్నాం. అది నిజం, దానికి నేను జవాబు చెప్పగలను.

చివరగా

జీవితాంతం తూచుకుంటూ కూర్చోమని చెప్పట్లేదు. ఏడాదికి రెండు వారాలు చాలు. వానాకాలం ఆకుకూరలు బాగా ఉన్నప్పుడు ఒకటి, నడి ఎండాకాలం ఏమీ దొరకనప్పుడు ఒకటి. ఇంట్లో ప్రతి మనిషికీ విడిగా రాయండి, ముఖ్యంగా చివర తినే మనిషికి. ఇంటి మొత్తానికి కలిపి రాస్తే ఆ మనిషి లెక్కలో కనపడకుండా పోతుంది.

ఆ లెక్క చూసుకుని ఈ ఏడు పంటల ప్లాను మార్చాం. ఐదు సెంట్లలో రెండు సెంట్ల ఆకుకూర అమ్మకానికి లేదు. సజ్జ, ఉలవ, నువ్వులు ఇంటికి ఎన్ని కిలోలో ముందే రాసి, డ్రమ్ముల్లో పోసి పక్కన పెట్టాం.

ఆ డ్రమ్ములు చూసి మా అమ్మ అంది: "ఇది కొత్తేం కాదురా. మా అత్తగారు కళ్లంలో ముందు ఇంటికి కొలిచి, తర్వాతే సంతకి కొలిపించేది. మీరు ప్యాకెట్లు మొదలెట్టాక తిరగేశారు."

కాబట్టి ఈసారి పంట ఇంటికి వచ్చినప్పుడు ముందు ఇంటికి కొలవండి. ఎంత కొలవాలో తెలియకపోతే, ఒక్క వారం ఫోన్‌లో రాసి చూడండి.