బోరునీళ్లలో ఓ పరిశోధన

భీమవరం కుర్రాడు యల్లాప్రగడ సుబ్బారావు 1920ల్లో అమెరికా వెళ్లడానికి సాయపడినవాళ్లలో కాకినాడ సత్యలింగనాయకర్ ధర్మసంస్థ ఒకటి. బోస్టన్‌లో పూట గడవడానికి ఆయన ఆసుపత్రిలో చిన్నాచితకా పనులూ చేశారు. 1925కల్లా రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఆయన పేరుతోనే వెలువడింది.

అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలాంటి చోట జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేసేవాళ్లదీ డబ్బు బెంగే. జేఆర్ఎఫ్ ఐదేళ్లకు ఆగిపోతుంది. ఆ తర్వాత? ‘ఉద్యోగం చూసుకోరా’ అంటారు ఇంట్లో. తప్పు కాదు, వరుసగా వానల్లేని ఇళ్లవి.

అలాంటివాళ్ల కోసమే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో ‘ఇండియా అలయన్స్’ మొదలుపెట్టాయి. ఆఫీసు మన హైదరాబాద్‌లోనే! పీహెచ్‌డీ ఆఖరి ఏడాదివాళ్లనూ దరఖాస్తు చేసుకోనిచ్చిన పథకమిది. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం మూడో దశకు ఆమోదం తెలిపింది. మొత్తం 1,500 కోట్లు. అందులో వెల్‌కమ్ వాటా 500 కోట్లు.

చిక్కల్లా దరఖాస్తు దగ్గరే. మార్కుల జాబితా ఒక్కటే చాలదు, సొంత ప్రశ్న కావాలి. చోటివ్వడానికి ఓ సంస్థ ఒప్పుకోవాలి. ప్రశ్నకైతే ఈ సీమలో కరవు లేదు. బోరునీళ్లలో ఫ్లోరైడ్, పిల్లల పళ్లమీద గార, పెద్దల మోకాళ్ల నొప్పి... ఒకే నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరికే నడుం ఎందుకు వంగింది? రాసి పంపాల్సింది ఇదే.