తెర వేలాడుతుంటే లోపలికి రమ్మన్నట్టే

ఉద్యోగానికని టోక్యో వచ్చిన మనవాళ్లు చాలామంది నిషికసాయి చుట్టుపక్కల ఇల్లు తీసుకుంటారు. స్టేషన్‌లో రైలు దిగి ఇంటికి నడిచే దారిలో, పదిమంది కూర్చుంటే నిండిపోయే హోటళ్లు ఎన్నో కనిపిస్తాయి. మన ఊళ్లో కాకా హోటళ్ల లాంటివే. అయినా మూడేళ్లు వాటి ముందు నుంచే నడిచి, ఒక్కసారీ లోపలికి వెళ్లకుండా ఇండియా తిరిగొచ్చేసినవాళ్లు నాకు తెలుసు. నా మొదటి ఏడాదీ అలాగే గడిచింది. మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపేసినవి ఆ నోటా ఈ నోటా విన్న మాటలు. వాటిలో నిజమెంతో చూద్దాం.

అపోహ 1: తలుపు మూసే ఉంటుంది, లోపల ఏముందో కనబడదు. అంటే తెలిసినవాళ్లకే ప్రవేశం.

వాస్తవం: మూసిన తలుపును పట్టించుకోకండి. దాని పైన వేలాడే గుడ్డ తెరను చూడండి. దాని పేరు నోరెన్. హోటల్ తెరవగానే దాన్ని బయట వేలాడదీస్తారు, కట్టేసేటప్పుడు లోపలికి తీసేస్తారు. తెర బయట ఉందంటే రమ్మన్నట్టే. పక్కన చిన్న పలక కూడా ఉంటుంది. 'ఎయిగ్యోచూ' అని రాసి ఉంటే హోటల్ నడుస్తోంది, 'జున్‌బిచూ' అని ఉంటే ఇంకా సిద్ధం కాలేదు. ఆ అక్షరాల ఆకారాలు రెండు రోజుల్లో కంటికి అలవాటైపోతాయి. ఎర్ర కాగితపు లాంతరు వెలుగుతుంటే అది సాధారణంగా ఇజకాయా, అంటే మందుతో పాటు చిరుతిండ్లు దొరికే చోటు.

తెలిసినవారి పరిచయం లేనిదే రానివ్వని ఆచారం జపాన్‌లో ఉన్నమాట నిజమే. అయితే అది ముఖ్యంగా క్యోటోలో గెయిషాలు విందు చేసే ఒచాయాలది. మన వీధి చివరి భోజన హోటల్‌కు ఆ పట్టింపు లేదు.

అపోహ 2: కుర్చీలు ఖాళీగా ఉన్నా పంపించేశారంటే విదేశీయులమనే.

వాస్తవం: చాలా హోటళ్లలో వండేదీ వడ్డించేదీ ఒక్కరే, లేదంటే భార్యాభర్తలిద్దరు. ఖాళీగా కనిపించే కుర్చీలు ముందే ఎవరో చెప్పిపెట్టుకున్నవి కావచ్చు. అన్నం అయిపోయి ఉండొచ్చు. మధ్యాహ్నం రెండు దాటాక మూసి, మళ్లీ సాయంత్రం తెరిచేవే ఎక్కువ. మాట అర్థం కాదన్న భయంతో, గుమ్మంలోనే రెండు చేతులూ అడ్డంగా పెట్టి వద్దనేవారూ ఎక్కడో ఒకరు తగులుతారు. ఆ ఒక్కరిని చూసి వీధి మొత్తాన్ని వదులుకోవద్దు. ఎనిమిది మంది కలిసి కాకుండా, ఇద్దరుగా వెళ్లండి. ఒక్కరే వెళ్తే మరీ మంచిది. 'హితోరి దెసు', ఒక్కణ్ణే అని చెబితే చాలు, వంటవాడి ఎదురుగా బల్ల దగ్గర చోటు చూపిస్తారు.

అపోహ 3: జపనీస్ చదవడం రాకపోతే ఆర్డర్ ఇవ్వలేం.

వాస్తవం: చదవకుండానే కడుపు నింపుకోవచ్చు. చాలాచోట్ల అద్దాల వెనుక వంటకాల నమూనాలు ఉంటాయి. ఇవాసాకి తకిజో 1932లో ఒసాకాలో మైనపు నమూనాల వ్యాపారం మొదలుపెట్టాడు. ఇప్పుడవి ప్లాస్టిక్‌వి. కావలసినదాన్ని వేలితో చూపిస్తే సరి. ఏం తినాలో తోచకపోతే 'హిగావరి తెయిషొకు' అడగండి. అన్నం, మిసో సూప్, ఊరవేసిన కూరగాయలు, రోజుకో వంటకం కలిపి పెట్టే భోజనం అది. మన మెస్‌లో ప్లేట్ మీల్స్ లాంటిదే.

కొన్నిచోట్ల గుమ్మం దగ్గరే టికెట్ మెషీన్ ఉంటుంది. డబ్బు వేసి, బటన్ నొక్కి, వచ్చిన చీటీ ఇవ్వాలి. 2024 జూలై 3న జపాన్ కొత్త నోట్లు విడుదల చేసింది. కొన్ని పాత మెషీన్లు వాటిని తీసుకోవు. అందుకే జేబులో చిల్లర నాణేలు ఉంచుకోండి.

అపోహ 4: అడగని గిన్నె ముందు పెట్టి, బిల్లులో వేయడం మోసం.

వాస్తవం: దాన్ని ఒతోషి అంటారు. ఇజకాయాలో కూర్చున్నందుకు మనిషికి ఇంత అని తీసుకునే రుసుము అది. చిన్నచోట్ల సాధారణంగా 300 నుంచి 500 యెన్లు ఉంటుంది. టిప్ ఇచ్చే పని లేదు. భోజన హోటళ్లలో ఒతోషి ఉండదు. జాగ్రత్త పడాల్సింది వేరేచోట. రాత్రిపూట సందడి వీధుల్లో చెయ్యి పట్టుకుని రమ్మనేవారి వెంట వెళ్లకండి.

అపోహ 5: రేటింగ్ మూడే ఉంటే అది బాగోదు.

వాస్తవం: 2005లో మొదలైన తాబెలోగ్ అనే హోటళ్ల రివ్యూ సైట్‌లో మార్కులు చాలా పొదుపుగా పడతాయి. 3.5 దాటడమే గొప్ప. ఇరవై ఏళ్లుగా రోజూ వచ్చి తినే పెద్దాయన రివ్యూ రాయడు. మధ్యాహ్నం పన్నెండింటికి పక్క కొట్టువాళ్లు, ట్యాక్సీ డ్రైవర్లు ఎక్కడ కూర్చుంటున్నారో చూడండి. దాన్ని మించిన రేటింగ్ లేదు.

అపోహ 6: బౌద్ధుల దేశం కదా, మాంసం వద్దంటే శాకాహారం పెడతారు.

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను నిషేధించాడు. ఆ జాబితాలో చేప లేదు. 1872లో మెయిజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడన్న వార్తతో పాత కట్టడి సడలింది. చేప మాత్రం ఏనాడూ వంటింటిని వదల్లేదు. అందుకే మాంసం వద్దంటే చేప వద్దని వాళ్లకు తోచదు.

చాలా వంటలకు మూలం దాషి అనే రసం. కొంబు అనే సముద్రపు నాచుతోనూ, ఎండబెట్టిన బొనీటో చేప తురుముతోనూ కాస్తారు. 1908లో ఇకెదా కికునాయె ఉమామి రుచికి మూలం గ్లుటమేట్ అని కనిపెట్టింది ఆ కొంబులోనే. ఉత్త కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో కాచిన దాషి బౌద్ధాలయాల షోజిన్ భోజనంలో దొరుకుతుంది. వీధి హోటళ్లలో మాత్రం మిసో సూప్‌లోనూ, సోబా నూడుల్స్ నంజుకునే పులుసులోనూ చేప ఉంటుందనే అనుకోవాలి. ఎదమామె అనే పచ్చి సోయా కాయలు, దోసకాయ పెట్టి చుట్టిన కప్పామాకి సుషీ, ఉప్పు వేసిన అన్నం ముద్ద మనకు పనికొస్తాయి. చల్లని టోఫు తీసుకుంటే పైన చేప తురుము వద్దని చెప్పండి. ఏదైనా అడిగినప్పుడు 'ముజుకషీ', అంటే కష్టమండీ అన్నారంటే అది మర్యాదగా చెప్పిన 'కాదు'. పట్టుబట్టకండి.

తిన్నాక లేస్తూ 'గొచిసోసామా' అనండి. విందు చేశారు, సంతోషం అన్నట్టు. రెండోసారి వెళ్లినప్పుడు ఆ మాటే మిమ్మల్ని గుర్తుచేస్తుంది.

మా ఇంటి దారిలో ముదురు నీలం తెర కట్టిన హోటల్ ఒకటి ఉండేది. ముసలి దంపతులు నడిపేవారు. ఏడాదంతా రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకున్నాను. ఒక సాయంత్రం తెర లేదు. షట్టర్ మీద చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది. ఇన్నేళ్లు ఆదరించినందుకు కృతజ్ఞతలు అని దాని సారాంశం. పిల్లలు ఆ పని అందుకోక మూతపడే ఇలాంటి హోటళ్లు జపాన్ అంతటా ఉన్నాయి. మీ వీధిలో తెర ఇంకా వేలాడుతుంటే, ఈ సాయంత్రమే వెళ్లండి.