పొగ మానుటకు కండబలము తోడగునా?

పొగ మానెదనని ఒట్టు పెట్టుకొననివాడు చుట్టగాని, బీడీగాని, సిగరెట్టుగాని కాల్చువారిలో అరుదు. ఆ ఒట్టు నెల దాటి నిలుపుకొన్నవాడు అంతకంటె నరుదు. ఒట్టు తప్పినవానిని ఇంటివారు నిలుకడ లేనివాడందురు. కొంతకాలమునకు తానును అట్లే నమ్మును. ఈ నింద న్యాయము గాదు. పొగతో లోనికి బోవు నికొటిను కొన్ని క్షణములలోనే మెదడును జేరును. ఏండ్ల తరబడి దానికి మరగిన మెదడు, అది చాలించిన దినముననే తిరుగబడును. చిరాకు, నిద్రలేమి, ఆకలి హెచ్చుట ఒక్కుమ్మడిగా మీద బడును. వీనిని గెలుచుటకు సంకల్ప మొక్కటియే చాలునని బోధించుట, ఆయుధము లేని భటుని యుద్ధమునకు బంపుట వంటిది.

ఈ బాధలలో పైకి చెప్పుకొనని దొకటి గలదు. అది దేహము లావగునను భయము. ఇది నిరాధారము గాదు. నికొటిను ఆకలి నణచును. దేహము శక్తిని వ్యయపఱచు వేగమును కొంత పెంచును. అది తొలగగానే ఈ రెండును తారుమారగును. మానిన మొదటి సంవత్సరమున సగటున 4, 5 కిలోల బరువు పెరుగునని వైద్యులు కనుగొనిరి. పొగవలని హానితో బోల్చిన ఈ బరువువలని హాని స్వల్పమే. అయినను అద్దము ముందు నిలిచినవానికి ఈ తర్కము రుచింపదు. మరల అగ్గిపెట్టె వెదకుటకు ఇదియు నొక మిష యగుచున్నది.

బరువులెత్తు వ్యాయామము ఇచ్చట అక్కఱకు వచ్చునాయని అమెరికాలోని ప్రావిడెన్సు నగరమున పరిశోధకులు పరీక్షించి, 2011లో ఫలితములు ప్రకటించిరి. పొగత్రాగువారిని 25 మందిని చేర్చుకొని, అందఱకును హితబోధయు, చర్మమున కంటించు నికొటిను పట్టీలును ఒసగిరి. పిమ్మట వారిని రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారు 12 వారములు, వారమునకు రెండుమారులు బరువులెత్తిరి. రెండవ జట్టువారు ఆరోగ్య విషయకములగు చిత్రములు చూచిరి. ఆ గడువు ముగియునప్పటికి బరువులెత్తినవారి దేహభారము కొంచెము తగ్గెను. ఇతరులది కొంచెము పెరిగెను. ఆఱు నెలలకు పట్టు విడువక నిలిచినవారు మొదటి జట్టులో నూటికి 15, రెండవ జట్టులో నూటికి 8.

రెట్టింపు ఫలము గలిగెనని చాటింపు వేయుట సులభము. కాని చదువరులు లెక్క చూడవలయును. అంత చిన్న జట్లలో నూటికి 15 అనగా ఇద్దరు; నూటికి 8 అనగా ఒక్కరు. ఒక్క మనుష్యుని భేదముపై సిద్ధాంతసౌధము నిర్మింపరాదు. అది తొలి ప్రయత్నము మాత్రమే. వ్యాయామ విషయమున జరిగిన 24 పరీక్షలను, ఏడువేలకు పైబడిన జనుల ఫలితములను 2019లో కాక్రేన్ సంస్థ సమీక్షింపగా, సాధారణ సహాయమునకు వ్యాయామమును జోడించినంత మాత్రమున దీర్ఘకాల విజయము హెచ్చునని రుజువు కాలేదు. వానిలో అధికభాగము నడక, పరుగు వంటివి. బరువుల పరీక్షలు బహు స్వల్పము. కావున ఈ కేసున తీర్పు ఇంకను వెలువడలేదనియే చెప్పవలయును.

అట్లని వ్యాయామమును త్రోసివేయనక్కఱలేదు. ఒక్కమారు చేసిన వ్యాయామముచేతనే పొగపై తహతహ కొంతసేపు సడలునని పెక్కు పరీక్షలు చూపినవి. పొగ మానువానికి ఆ కొంతసేపే ప్రాణము. తహతహ కెరటమువలె వచ్చి కొన్ని నిమిషములలో వెనుకకు బోవును. ఆ నిమిషములు గడచుటకు చేతులకు పని యుండవలయును. ఇక కండబలము నడుగకయే యిచ్చు లాభములు వేఱుగా నున్నవి.

కోడి రామమూర్తి నాయుడు గారి వంటి మల్లుని కన్న దేశము మనది. పల్లెపట్టుల సంగిడిగుండ్లు, తాలీంఖానాలు, దండీలు, బస్కీలు మనకు క్రొత్తవి గావు. గుంటూరు, ప్రకాశము మండలములలో పొగాకు పండించు నేలయు మనదే. కావున పొగ మానదలచినవానికి మన మీయదగిన సలహా యిది: ముందు వైద్యుని సహాయము, అవసరమైనచో నికొటిను పట్టీలో జిగురుబిళ్లలో గైకొనుము, రుసుము లేని జాతీయ సహాయవాణి 1800-11-2356 గలదు. దానికి తోడుగా బరువులెత్తుము. దానికి బదులుగా గాదు. గుండెజబ్బుగాని రక్తపుపోటుగాని యున్నవారు వైద్యు నడిగిన పిమ్మటనే పూనుకొనవలయును.

ఒకమారు తప్పినవాడు ఓడినవాడు గాడు. సంగిడిగుండును మొదటినాడే తలమీదికి ఎత్తినవాడెవ్వడు? చేజారిన గుండును మరల పట్టుకొన్నవాడే తుదకు దాని నెత్తును. పొగ మానుటయు నట్టిదే.